పొట్ట తోమే ముందు ఆమెను ఎవరైనా అడిగారా?

కోస్తాలోని ఒక చిన్న పట్టణం నుంచి 31 ఏళ్ళ పాఠకుడు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఎరువుల దుకాణం నడుపుతారు. భార్యకు 26 ఏళ్ళు, ఏడో నెల నడుస్తోంది. నిరుడు మూడో నెల నిండకుండానే ఒక గర్భం పోయింది కాబట్టి ఈసారి ఇంట్లో అందరికీ కంగారే. 28వ వారం స్కాన్‌లో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని వచ్చింది. డాక్టరమ్మ "ఇంకా టైముంది, తిరుగుతుందిలే" అని ఒక్క ముక్కలో చెప్పి పంపేశారు. ఆ మాట ఈయన అమ్మగారికి ఆనలేదు. ఊళ్ళో బాలింతలకు, చంటిపిల్లలకు నూనె రాసి నీళ్ళు పోసే ఒక పెద్దావిడను పిలిపించారు. ఆవిడ ఆముదం రాసి, రెండు చేతులతో పొట్టను పక్కకు నెడుతూ తోమింది. ఆ సాయంత్రం పొట్ట రెండు మూడుసార్లు రాయిలా గట్టిపడి, రాత్రికి సర్దుకుంది. ఆ అమ్మాయి అత్తగారితో ఏమీ అనలేదు. పడుకునేటప్పుడు భర్తతో మాత్రం "మళ్ళీ ఆవిడ చేత వద్దండీ" అంది.

ఐదో నెల నుంచి ఈయనే రాత్రిళ్ళు భార్యకు నడుం, కాళ్ళు ఒత్తుతున్నారు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నారట. ఒత్తిన రోజు ఆమెకు నిద్ర బాగా పడుతోంది. ఒక రాత్రి తలుపు గడియ పెట్టడం మరిచిపోతే వాళ్ళమ్మగారు చూశారు. మర్నాటి నుంచి ఆవిడ ముభావంగా ఉన్నారు. "మగాడివై ఉండి పెళ్ళాం కాళ్ళు పట్టడమేంట్రా? నలుగుర్ని కన్నాను, మీ నాన్న ఒక్కనాడు నా కాలు ముట్టుకోలేదు" అన్నారట. ఇంకో మాట కూడా అన్నారు: "పోయినసారి నూనె పెట్టించుకోమంటే వినలేదు. ఏమైందో చూశాంగా." కోడలు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. పెద్దావిడ వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తుంది.

ఇంట్లో మర్దన మంచిదేనా, మానేయాలా? అమ్మ నొచ్చుకోకుండా ఆ పెద్దావిడను ఎలా ఆపాలి? భార్యను ముందే పుట్టింటికి పంపేస్తే గొడవ ఉండదా? ఇవీ ఆయన ప్రశ్నలు. ఉత్తరం చివర, సంతకం పైన, ఒక వాక్యం: "ఈ మధ్య ఎడమ కాలు కుడిదానికంటే ఎక్కువ వాస్తోంది, పిక్క దగ్గర నొప్పంటోంది, అక్కడ ఇంకాస్త గట్టిగా పిసుకుతున్నాను."

మీకు,

ఆ చివరి వాక్యం చదివి ఉత్తరం పక్కన పెట్టి మీకు ఫోన్ చేశాను. ఇది అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు. ఆ కాలిని ముట్టుకోవద్దని, పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళమని చెప్పాను. పొట్ట గట్టిపడిన సంగతి కూడా దాచకుండా చెప్పమన్నాను. మీరు వెళ్ళారు, కాలికి డాప్లర్ స్కాన్ తీశారు, రక్తం గడ్డ లేదన్నారు, బిడ్డ గుండె చప్పుడు బాగుందన్నారు. ఆ కబురు మీరు చెప్పేదాకా నాకూ టెన్షన్‌గానే ఉంది.

ఎందుకంత కంగారుపడ్డానో చెబుతాను, మిగతా పాఠకులకూ పనికొస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా శరీరం ముందుగా చేసుకునే ఏర్పాటు అది. దానివల్లే కాలి లోపలి సిరల్లో గడ్డ కట్టే ప్రమాదం మామూలు రోజులకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. ఎక్కువగా ఎడమ కాలిలోనే వస్తుంది, ఎందుకంటే అటువైపు సిర పొత్తికడుపు దగ్గర ధమని కింద నుంచి నొక్కుకుంటూ వస్తుంది. సాయంత్రానికి రెండు కాళ్ళూ సమానంగా వాచి తెల్లారేసరికి తగ్గితే అది మామూలే. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పుట్టి, వేడిగానో ఎర్రగానో ఉంటే మాత్రం మర్దన చేయకూడదు. నిజంగా గడ్డ ఉంటే, గట్టిగా పిసికినప్పుడు అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. కాలు వాస్తే ఒత్తడం మన ఇళ్ళలో అందరూ చేసేదే. మీరు దాచకుండా రాశారు, చెప్పగానే కదిలారు.

ఇక మీ అసలు బాధ సంగతి.

మూడు పేజీల ఉత్తరంలో మీ అమ్మగారి మాటలు ఐదు చోట్ల ఉన్నాయి. మీ ఆలోచనలు పేజీ నిండా ఉన్నాయి. మీ భార్య మాట ఒక్కటే ఉంది: "మళ్ళీ ఆవిడ చేత వద్దండీ." ఆ పొట్ట ఆమెది. పెద్దావిడ చేయి వేసేటప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. మీరు ఒత్తేటప్పుడైనా అడుగుతున్నారా? నిద్ర పడుతోందన్నారు, సంతోషమే. అయినా ఏడో నెలలో ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. నిన్న హాయిగా ఉన్న చేయి ఇవాళ చిరాకు పుట్టించవచ్చు, నూనె వాసనకే వికారం రావచ్చు. మీరు ఇష్టంగా చేస్తున్నారు కాబట్టి వద్దని చెప్పడం ఆమెకు ఇంకా కష్టం. రోజూ మొదలుపెట్టే ముందు "ఇవాళ కావాలా? ఎక్కడ?" అని అడగండి. వద్దంటే ముఖం చిన్నబుచ్చుకోకండి. నేను రాసే మిగతాదంతా దీని తరువాతే.

పొట్ట తోమడం గురించి మాత్రం నాకు రెండో మాట లేదు. లేబర్ రూములో నర్సుగా పాతికేళ్ళకు పైగా పనిచేశాను. బిడ్డను తిప్పుతామని ఇంట్లో పొట్ట నెట్టడం ప్రమాదం. గట్టిగా ఒత్తితే మాయ గర్భసంచి గోడ నుంచి విడిపోవచ్చు, లోపల రక్తస్రావం కావచ్చు, నెలలు నిండకముందే నొప్పులు మొదలు కావచ్చు. ఆ సాయంత్రం పొట్ట రాయిలా గట్టిపడటం శరీరం ఇచ్చిన హెచ్చరికే. ఇకమీదట అలా మళ్ళీ మళ్ళీ గట్టిపడినా, విడవకుండా నొప్పి ఉన్నా రాత్రికి సర్దుకుంటుందని చూడొద్దు, వెంటనే వెళ్ళాలి.

ఎదురుకాళ్ళ గురించి డాక్టరమ్మ చెప్పింది నిజమే, కాకపోతే పొడిగా చెప్పి వదిలేశారు. 28 వారాలప్పుడు నలుగురైదుగురిలో ఒకరి బిడ్డ ఎదురుకాళ్ళతోనే ఉంటుంది. ఉమ్మనీటిలో తిరగడానికి ఇంకా చోటుంటుంది. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురు మాత్రమే అలా మిగులుతారు. అప్పటికీ తిరగకపోతే 36, 37 వారాలప్పుడు డాక్టర్లే పొట్ట మీద చేతులు పెట్టి తిప్పి చూసే పద్ధతి ఒకటుంది. దాన్ని ఆసుపత్రిలోనే, స్కాన్ చూస్తూ, బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ, అవసరమైతే అప్పటికప్పుడు ఆపరేషన్ చేయగలిగే ఏర్పాటుతో చేస్తారు. అన్ని జాగ్రత్తల మధ్య చేసే పనిని ఆముదం గిన్నెతో వరండాలో చేయనివ్వకండి. ఇది మీ అమ్మగారికి కోపంగా కాకుండా కూర్చోబెట్టి చెబితే అర్థం కాని విషయం కాదు.

పోయిన గర్భం గురించి ఆవిడ అన్న మాట ఇంకా లోతుగా గుచ్చుకునే మాట. మీ భార్య మీతో పైకి అనకపోయినా లోపల దాన్ని మోస్తూనే ఉంటుంది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. నూనె పెట్టించుకోనందుకు గర్భం పోవడమనేది లేదు. మెట్లెక్కినందుకు, పని చేసినందుకు పోవడమూ లేదు. ఈ మాట మీరు ఆమెతో చెప్పండి. మీ అమ్మగారి ఎదురుగా కూడా ఒకసారి చెప్పండి. ఆమె ఒక్కతే విన్నప్పుడు అది ఓదార్పు. అత్తగారు కూడా విన్నప్పుడు ఆమె తల మీది నింద దిగుతుంది.

ఇప్పుడు మీ చేతుల సంగతి. మెత్తని మర్దన చాలామంది గర్భిణులకు మంచిదే. నడుం నొప్పి, ఆందోళన తగ్గుతాయని, నిద్ర మెరుగవుతుందని కొన్ని చిన్న అధ్యయనాల్లో తేలింది. నేను చూసిందీ అదే. దానివల్ల మామూలు కాన్పు అవుతుందని, పొట్ట మీద చారలు రావని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. చారలు నూనెతో ఆగవు, దురద కాస్త తగ్గుతుంది, అంతే. అన్నట్టు దురద అరచేతుల్లో, అరికాళ్ళలో రాత్రిపూట విపరీతంగా ఉంటే అది నూనె రాసి ఊరుకోవాల్సింది కాదు. కాలేయానికి సంబంధించిన ఇబ్బంది కావచ్చు, డాక్టరుకు చెప్పాలి.

మొదలుపెట్టే ముందు డాక్టరును నాలుగు విషయాలు అడగండి: మాయ కిందికి ఉందా, బీపీ ఎంత ఉంది, ఆ రోజు పొట్ట గట్టిపడింది కాబట్టి ఇప్పుడు ఏ జాగ్రత్త తీసుకోవాలి, ఆ ఎడమ కాలిని ఎప్పటినుంచి ముట్టుకోవచ్చు. ఓపీలో రెండు నిమిషాలకు మించి దొరకవు కాబట్టి కాగితం మీద రాసుకెళ్ళండి. మీరు చూపించుకునే చోట మాట్లాడే తీరిక లేకపోతే, ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, 2016 నుంచి నడుస్తున్న కార్యక్రమం అది. స్కాన్ కాగితాలు పట్టుకుని అక్కడికైనా వెళ్ళొచ్చు.

డాక్టరు సరేనన్నాక ఇలా చేయండి. అన్నం తిన్న గంట తరువాత, రాత్రి పడుకునే ముందు బాగుంటుంది. ఈ నెలల్లో వెల్లకిలా పడుకోబెట్టొద్దు, గర్భసంచి బరువు వెనకున్న పెద్ద సిర మీద పడి కళ్ళు తిరుగుతాయి, బిడ్డకు వెళ్ళే రక్తం కూడా తగ్గుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోమనండి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, వీపు వెనక ఒకటి. పొట్ట కింద పాత నూలు చీర మడత పెట్టి దోపండి, దిండు కంటే అదే బాగా అమరుతుంది. రెండు చెంచాల నువ్వుల నూనో కొబ్బరి నూనో చిన్న స్టీలు గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీళ్ళలో రెండు నిమిషాలు ఉంచండి. మీ మణికట్టు మీద చుక్క వేసి చూసుకోండి. కర్పూరం కలిపిన నూనె వద్దు. నొప్పుల ఆయింట్‌మెంట్లు, వీడియోల్లో చూపించే సుగంధ తైలాలు డాక్టరును అడగకుండా వాడొద్దు. ఆయింట్‌మెంట్లలో ఉండే కొన్ని నొప్పి మందులు ఈ నెలల్లో బిడ్డకు మంచివి కావు. ఆముదం ఒంటికి రాస్తే జిడ్డు తప్ప నష్టం లేదు గానీ, నొప్పులు రావడానికని ఎవరైనా తాగమంటే ఒప్పుకోవద్దు.

నడుం దగ్గర మీ అరచేయి మొత్తం ఆనించండి, బొటనవేళ్ళతో పొడవకండి. వెన్నుపూస మీద కాకుండా దాని రెండు పక్కలా, కింద నుంచి పైకి నెమ్మదిగా. చపాతీ పిండి మీద అరచేయి ఆనించినంత ఒత్తిడి చాలు, పిసికినంత అక్కర్లేదు. నడుం కింద, పిరుదుల పైన వెడల్పాటి ఎముక ఉంటుంది. ఎక్కువమందికి నొప్పి కూర్చునేది అక్కడే. అరచేయి అడుగు భాగాన్ని అక్కడ ఆనించి, ఆమె ఊపిరి వదిలేటప్పుడు కాస్త బరువు మోపండి, పీల్చేటప్పుడు తీసేయండి. "ఇంకాస్త కిందికి" అని ఆమే చెబుతుంది.

కాళ్ళ మీద ఇంకా తేలిగ్గా. పాదం నుంచి మోకాలి వైపు, చంటిపిల్ల తల నిమిరినట్టు. పిక్కను పిసకొద్దు, తొడ లోపలి వైపు అసలు వద్దు, ఉబ్బిన నరాలు కనిపించే చోట చేయి పెట్టొద్దు. ఎడమ కాలిని డాక్టరు చెప్పేదాకా అలాగే వదిలేయండి. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే ఒత్తకండి. మోకాలు చాపి, కాలి వేళ్ళను ఆమె ముఖం వైపు వంచి పట్టుకోండి, వదులుతుంది. చీలమండ పక్కన గట్టిగా నొక్కితే నొప్పులొస్తాయని కొందరంటారు. దానికి గట్టి ఆధారం లేదు గానీ, అక్కడ నొక్కకుండా ఉంటే పోయేదేమీ లేదు. పొట్టకు నూనె రాసుకోవాలనిపిస్తే ఆమే తన చేత్తో పైపైన రాసుకోవాలి. అంతా కలిపి పావుగంట చాలు.

అయ్యాక అరికాళ్ళకున్న నూనె పొడి తువ్వాలుతో పూర్తిగా తుడవండి. పక్కకు తిరిగి, చేత్తో ఆనుకుని లేచి, మంచం అంచున ఒక నిమిషం కూర్చున్నాకే నిలబడమనండి. మర్దన అయ్యాక నూనె కాళ్ళతో బాత్రూంలోకి వెళ్ళి టైల్స్ మీద జారినవాళ్ళను నేను చూశాను. ఇంత జాగ్రత్తా అక్కడ పోకూడదు.

జ్వరం ఉన్న రోజు మర్దన వద్దు. బ్లీడింగ్, నీరు పోవడం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖమూ చేతులూ ఉన్నట్టుండి ఉబ్బడం, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా మర్దన మాట మరిచిపోయి ఆసుపత్రికి వెళ్ళాలి. బండి దొరకకపోతే 108.

ఇక మీ అమ్మగారు. మీ ముందు దారులు కొన్ని ఉన్నాయి, ప్రతి దానికీ ఒక ఖరీదుంది.

పెద్దావిడను పూర్తిగా ఆపేయొచ్చు. అన్నిటికంటే క్షేమం అదే. మీ అమ్మగారు పది రోజులు మాట్లాడరు. ఊళ్ళో పిలిచి వద్దన్నందుకు తల కొట్టేసినట్టవుతుంది ఆవిడకు. ఆ కోపం కోడలి మీదికి మళ్ళే వీలుంది కాబట్టి ఆ మాట చెప్పాల్సింది మీరు. "నీ కోడలు వద్దంటోంది" అని మాత్రం అనకండి. "అమ్మా, పొట్ట మీద చేయి వేయనివ్వను, ఇది నా నిర్ణయం" అనండి. మీ అమ్మతో మాటపడాల్సి వస్తే అది మీకే పడనివ్వండి.

పెద్దావిడను రానిచ్చి తల, భుజాలు, చేతుల వరకే పరిమితం చేయొచ్చు. మీ అమ్మగారి గౌరవం నిలుస్తుంది. కానీ ఆవిడ చేతికి అలవాటైన పని పొట్ట తోమడం. మీరు దుకాణంలో ఉండగా ఆపేదెవరు? మీ భార్య ఇప్పటికే ఒకసారి ఆపలేకపోయింది. మీరు ఆ గదిలోనే ఉండగలిగితే తప్ప ఈ దారి నాకు నచ్చలేదు. కాన్పయ్యాక బాలింతకు ఒంటికి నూనె రాయడానికి పిలుస్తామని చెప్పి, చేతిలో కాస్త డబ్బు పెట్టి ఇప్పటికి పంపొచ్చు. అప్పుడు కూడా కుట్లున్న పొట్ట జోలికి, బిడ్డ ముక్కులో చెవుల్లో నూనె పోసే పనికి వెళ్ళనివ్వకూడదు.

పుట్టింటికి ముందే పంపడం మూడోది. ఆమెకు వెళ్ళాలని ఉంటే మంచిదే, అమ్మ దగ్గర నోరు విప్పి వద్దనగలదు. అయితే గొడవ తప్పించుకోవడానికి పంపితే, పంపించేశారన్న మాట ఆమె మనసులో ఉండిపోతుంది. అక్కడా పొట్ట తోమే మనిషి ఎవరో ఒకరు ఉండొచ్చు. పైగా ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డ, మధ్యలో ఆసుపత్రి మారడం. ఆ ఊళ్ళో అవసరమైతే రాత్రిపూట కూడా ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఎంత దూరంలో ఉందో తెలుసుకున్నాకే ఆలోచించండి. ముందు ఆమెనే అడగండి.

నాలుగోది నాకు ఎక్కువ నచ్చిన దారి, ఓపిక కూడా ఎక్కువ కావాలి. వచ్చే చెకప్‌కు మీ అమ్మగారిని వెంట తీసుకెళ్ళండి. ఎదురుకాళ్ళ గురించి డాక్టరు నోటి నుంచి ఆవిడే వినాలి. ఆవిడ కంగారు నిజమైనది. తన కాలంలో ఎదురుకాళ్ళంటే తల్లో బిడ్డో అన్నట్టు ఉండేది. తెలిసిన ఒక్క ఉపాయం ఆవిడ చేశారు. మనవడి మీదో మనవరాలి మీదో ఉన్న ప్రేమను వద్దనకుండా చేతిని మాత్రం వద్దనాలి, అందుకే ఆ చేతికి ఇంకో పని చూపించాలి. వారానికోసారి కోడలికి తలకు నూనె పెట్టి జడ వేయమనండి, మీ భార్యకు ఇష్టమైతేనే. నడుం దగ్గర అరచేయి ఎలా ఆనించాలో మీరే చూపించండి.

"మీ నాన్న ఒక్కనాడు నా కాలు ముట్టుకోలేదు" అన్న మాటను మీరు తిట్టుగా రాశారు. నాకు అలా వినిపించలేదు. నలుగురిని మోసిన ఆ కాళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నాయో ఎప్పుడైనా అడిగారా? నూనె గిన్నె ఎలాగూ వెచ్చగా ఉంటుంది కదా, ఒక రాత్రి ముందు ఆవిడ మోకాళ్ళకు రాసి, తరువాత మీ గదిలోకి వెళ్ళండి. ఆవిడ వద్దంటారు, మొదటిసారి తప్పకుండా వద్దంటారు. మర్నాడు మళ్ళీ అడగండి.

నడుం ఒత్తడం ఆవిడకు నేర్పమన్నది ఇంట్లో శాంతి కోసమే చెప్పలేదు. చాలా ఆసుపత్రుల్లో లేబర్ రూములోకి భర్తను రానివ్వరు, ఒక ఆడమనిషిని తోడుగా రానిస్తారు. మీ దగ్గర ఎలా ఉంటుందో ముందే కనుక్కోండి. నొప్పుల్లో ఉన్న ఎంతోమంది నడుం కింద అరచేయి ఆనించి నిలబడ్డాను నేను. చేయి తీయగానే "తీయొద్దు" అంటారు. బిడ్డ తిరిగి మామూలు కాన్పుకు వెళ్తే, ఆ రోజు మీ భార్య పక్కన ఎవరు ఉండాలో ఆమె ఎంచుకోవాలి. అత్తయ్య పేరు చెబితే, ఆవిడ చేతికి అప్పటికే ఆ చోటు తెలిసి ఉంటుంది.